టెస్టర్ వెలగకపోతే కరెంటు లేనట్టేనా?



బోరు కాడ కరెంటు కొట్టి రైతు చనిపోతే మరునాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. "మోటారు ఆన్ చేయబోయి ప్రమాదవశాత్తు" అని రాస్తారు. ఆఫీసు కాగితంలో ఇంకో మాట చేరుతుంది: "సొంత నిర్లక్ష్యం". ఆ ఒక్క మాటతో విచారణ ముగుస్తుంది, నష్టపరిహారం ఆగుతుంది, అధికారి చేతులు దులుపుకుంటాడు. ఆ ఇంటి ఆడబిడ్డ ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది.

ఇది నిర్లక్ష్యమే. కానీ ఎవరి నిర్లక్ష్యం? 11 కేవీ లైనును పొలం గట్టు దాకా తెచ్చి, దాని కింద రైతును ఒంటరిగా నిలబెట్టి, చేతిలో ఒక స్క్రూడ్రైవర్ టెస్టర్ తప్ప ఇంకేమీ లేకుండా చేసినవాళ్లది మొదటి నిర్లక్ష్యం. ఆ టెస్టర్ చెప్పిందల్లా నిజమని నమ్మించిన మన అలవాటు రెండోది. మొదటిదాని మీద కొట్లాడాలి. రెండోదాన్ని ఇవాళే మానుకోవాలి. ఒకటి చేసి ఇంకొకటి వదిలేస్తే చావులు ఆగవు.

నేను ఇంజినీరును కాదు, హైస్కూలు చదువు దాటని రైతును. అయినా ఈ విషయం రైతుకు అర్థమయ్యే భాషలో చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు చెప్పడం లేదు కాబట్టి మన సంఘమే చెప్పుకోవాలి.

మన మూడు తావుల సంగతి

సూర్యాపేట పైభాగం మెట్ట. బోర్లు, బావులే దిక్కు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ ఉంది. కాల్వ నీరు ఎక్కని మిట్టలకు ఎత్తిపోతల పథకాలున్నాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల్లో మన పిల్లలే ఆపరేటర్లుగా, హెల్పర్లుగా పనిచేస్తున్నారు. బోరు మోటారుకు 415 వోల్టుల త్రీఫేజ్. పెద్ద ఎత్తిపోతల మోటార్లకు 3.3 కేవీ, 6.6 కేవీ, 11 కేవీ దాకా ఉంటుంది. మిల్లుల్లో, కొత్త లిఫ్టుల్లో, సోలార్ పంపుల్లో ఇప్పుడు వీఎఫ్‌డీ డ్రైవులు వచ్చాయి. అంటే మోటారు వేగాన్ని పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ డబ్బాలు.

దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కట్టారు. పుట్టంగండిలో ఒక్కొక్కటి 18 మెగావాట్ల మోటార్లు నాలుగు కృష్ణా నీటిని ఎత్తిపోస్తున్నాయి. మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. అలాంటి చోట్ల పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. మోటారు ప్యానెల్ తెరవాలంటే ముందు రాతపూర్వక పర్మిట్. స్విచ్ ఆపి దానికి తాళం. ఆ తాళం చెవి పనిచేసేవాడి జేబులో. తర్వాత సరైన పరికరంతో పరీక్ష. ఆ తర్వాత ఎర్తింగు. అప్పుడే చెయ్యి పెట్టాలి. ఈ దేశంలో కరెంటు పనికి పద్ధతి తెలియక కాదు. ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్న పద్ధతి పొలం గట్టు దాకా రాలేదు, అంతే. రాకపోవడానికి కారణం రైతు ప్రాణానికి వాళ్లు కట్టిన ధర.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2018 నుంచి 2021 వరకు ఏ ఏడాది చూసినా కరెంటు షాకుతో చనిపోయినవాళ్లు దేశంలో 12 వేలకు తగ్గలేదు. ఇంతమంది ఏటా నిర్లక్ష్యంగానే చనిపోతున్నారా?

టెస్టర్ చెప్పే అబద్ధాలు

మన చేతిలో ఉండే టెస్టర్‌లో ఒక చిన్న నియాన్ బుడ్డి, ఒక రెసిస్టరు ఉంటాయి. కరెంటు మన ఒంటి గుండా భూమిలోకి కొద్దిగా పారితేనే ఆ బుడ్డి వెలుగుతుంది. అంటే ఆ సర్క్యూట్‌లో మన ఒళ్లే ఒక తీగ. ఎండిన చెక్క మీద, మంచి రబ్బరు చెప్పుల మీద నిలబడితే సరిగా వెలగకపోవచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో వెలిగినా కంటికి కనబడదు. రెసిస్టరు పాడై షార్ట్ అయితే లేదా టెస్టర్ లోపల తడి చేరితే మొత్తం వోల్టేజీ చేతికే వస్తుంది. పైగా ఎంత వోల్టేజీ ఉందో అది చెప్పదు. న్యూట్రల్ తెగిందా, ఫేజులు తారుమారయ్యాయా అనేది కూడా చెప్పదు. వెలిగితే కరెంటు ఉందని నమ్మొచ్చు. వెలగకపోతే లేదని నమ్మకూడదు. ఈ ఒక్క ముక్క ప్రతి బోరు కాడ గోడ మీద రాసుకోవాలి.

కొందరు బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి చూస్తారు. 230 వోల్టుల బల్బును రెండు ఫేజుల మధ్య పెడితే దానికి 415 వోల్టులు తగులుతాయి. ముఖం మీదే పగలొచ్చు. లోపల ఫిలమెంటు అప్పటికే తెగి ఉంటే బల్బు వెలగదు, మనం కరెంటు లేదనుకుంటాం.

ఇక మల్టీమీటరు. కొన్నాం కాబట్టి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యమే ప్రమాదం. ఆంపియర్లు చూసే రంధ్రంలో తీగ గుచ్చి ఉంచి, అట్లాగే రెండు ఫేజుల మీద పెడితే అది నేరుగా షార్ట్ కట్టినట్టే. చిన్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కూడా షార్ట్ అయిన క్షణంలో వందల ఆంపియర్లు నెడుతుంది. నాసిరకం మీటరులోని సన్నటి గాజు ఫ్యూజు ఆ దెబ్బకు ఆగదు. మీటరు చేతిలోనే పేలుతుంది.

అందుకే మీటరు కొనేటప్పుడు ధర కన్నా ముందు ఒక గుర్తు చూడాలి. తీగలు గుచ్చే రంధ్రాల పక్కన "క్యాట్" అని ఇంగ్లిషు అక్షరాలు, వాటి పక్కన రోమన్ అంకె ఉంటాయి. రెండు గీతలుంటే అది ఇంట్లో ప్లగ్గుకు పెట్టే సామాను కోసం చేసింది. మూడు గీతలుంటే త్రీఫేజ్ ప్యానెళ్లకు, మోటార్లకు. ఒక గీత పక్కన వి అక్షరం ఉంటే అది నాలుగు. అది ఆరుబయట లైను నుంచి నేరుగా కరెంటు దిగే చోటుకు పనికొస్తుంది. మన స్టార్టర్ డబ్బా ఆరుబయట స్తంభం పక్కనే ఉంటుంది కాబట్టి క్యాట్ 4, 600 వోల్టుల మీటరే సరైనది. అదీ దొరక్కపోతే కనీసం క్యాట్ 3, 600 వోల్టులు ఉండాలి. ఏ గుర్తూ లేని మీటరు పిల్లల ఆటవస్తువు. మీటరు ఒక్కటే కాదు, దాని తీగలు కూడా అదే గుర్తువి అయి ఉండాలి. తీగ తోలు పగిలితే టేపు చుట్టి వాడొద్దు, మార్చాలి.

ఆపినా ఆగని కరెంటు

"స్విచ్ ఆపే చెయ్యి పెట్టాడు, అయినా కొట్టింది" అనే మాట ఎన్ని ఊళ్లలో విన్నాం! అందులో మాయ ఏమీ లేదు. దానికి కారణాలున్నాయి.

మొదటిది ఆటో స్టార్టరు. రాత్రి ఎప్పుడో వచ్చే కరెంటు కోసం దాన్ని పెట్టుకున్నాం. కరెంటు పోయి ఉన్నప్పుడు మనం మోటారు దగ్గర చెయ్యి పెడతాం, కరెంటు రాగానే అది తనంతట తానే ఆన్ అవుతుంది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే కోరింది. నీళ్లు వృథా అవుతాయని, లోడు ఒక్కసారే పడుతుందని చెప్పారు. ప్రాణాలు పోతాయని మాత్రం గట్టిగా చెప్పలేదు.

రెండోది సింగిల్ ఫేజ్. త్రీఫేజ్ పోయింది, మోటారు తిరగడం లేదు కాబట్టి లైనులో కరెంటు లేదనుకుంటాం. ఒక్క ఫేజు ఉన్నా మనిషిని చంపడానికి చాలు.

మూడోది వెనక్కి వచ్చే కరెంటు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగైదు మోటార్లు ఉంటాయి. ఒక ఫేజు ఫ్యూజు పోయినా పక్క పొలం మోటారు మిగతా రెండు ఫేజుల మీద తిరుగుతూ ఉండొచ్చు. అప్పుడు ఆ మోటారు చుట్ల గుండా కరెంటు వెనక్కి వచ్చి, పోయిందనుకున్న ఫేజు తీగలో నిలబడుతుంది. ఫ్యూజు కట్టబోయినవాడికి అదే తగులుతుంది.

నాలుగోది కండెన్సర్. ఉచిత కరెంటు తీసుకునే రైతు కెపాసిటర్ పెట్టుకోవాలని ప్రభుత్వాలు నిబంధన పెట్టాయి. మంచిదే. కానీ స్విచ్ ఆపాక కూడా కొంతసేపు అందులో ఛార్జి ఉంటుందని రైతుకు ఎవరు చెప్పారు?

డ్రైవు డబ్బా వేరే జంతువు

వీఎఫ్‌డీ లోపల 415 వోల్టుల ఏసీని మొదట డీసీగా మారుస్తారు. అది దాదాపు 590 వోల్టుల డీసీ అవుతుంది. పెద్ద కెపాసిటర్లు దాన్ని పట్టి ఉంచుతాయి. మెయిన్ ఆపి, డబ్బా మీద లైటు ఆరిపోయినా లోపల ఆ ఛార్జి నిమిషాల తరబడి ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవు మూత మీదే రాసి ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 15 నిమిషాలు. ఆ రాత ఇంగ్లిషులో ఉంటుంది, చదవాల్సిన హెల్పరుకు తెలుగే వస్తుంది. ఇది ఎవరి నిర్లక్ష్యం?

ఆగిన తర్వాత కూడా డీసీ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరును డీసీలో పెట్టి చూడాలి. 50 వోల్టుల కన్నా దిగిందని చూశాకే పని. మీటరు ఏసీలో ఉంచి డీసీ చూస్తే సున్నా చూపించవచ్చు. ఆ సున్నాను నమ్మి చెయ్యి పెట్టినవాడు మళ్లీ లేవకపోవచ్చు.

డ్రైవు నుంచి మోటారుకు పోయే తీగల్లో కరెంటు ముక్కలు ముక్కలుగా పోతుంది. మామూలు మీటరు అక్కడ తప్పు లెక్క చూపిస్తుంది. దానికి ఫిల్టరు ఉన్న మీటరు కావాలి. అయితే కరెంటు ఉందా లేదా అని చూసేటప్పుడు ఆ ఫిల్టరు వాడకూడదు. అది అసలున్న వోల్టేజీని తక్కువ చేసి చూపొచ్చు. సాఫ్ట్ స్టార్టర్ అయితే ఇంకో తంటా. మోటారు ఆగినా మోటారు వైపు తీగల్లో వోల్టేజీ లీకవుతుంది. మెయిన్ తీయకుండా ముట్టుకోవద్దు.

మెగ్గర్ వేసే మెకానిక్‌లకు ఒక మాట. డ్రైవుకు తీగలు కట్టి ఉండగా మెగ్గర్ వేస్తే డ్రైవు పోతుంది. మోటారు కేబుల్ విప్పాకే వేయాలి. వేసిన తర్వాత కేబుల్‌లో ఛార్జి మిగులుతుంది, దాన్ని ఎర్తుకు తాకించి తీసేశాకే చేతితో పట్టాలి.

సోలార్ పంపు పెట్టుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఎండ ఉన్నంతసేపు పలకల తీగల్లో వందల వోల్టుల డీసీ ఉంటుంది. దాన్ని ఆపే స్విచ్ సూర్యుడి దగ్గర లేదు. మోటారు నడుస్తుండగా పలకల కనెక్టర్లు పీకితే మంట సాగుతుంది, డీసీ మంట తొందరగా ఆరదు.

3.3 కేవీ, 6.6 కేవీ మోటార్ల దగ్గర మన చేతిలోని ఏ మీటరూ పనికిరాదు. 1,000 వోల్టుల మీటరును దాని మీద పెడితే మీటరు, మనిషి రెండూ మిగలరు. దానికి పొడవాటి ఇన్సులేటెడ్ కర్రకు ఉండే హెచ్‌టీ డిటెక్టరు, రబ్బరు గ్లౌజులు, ఎర్తింగ్ రాడ్లు, శిక్షణ ఉన్న మనిషి కావాలి. లిఫ్టు కమిటీ వాళ్లు ఆపరేటరును "కొంచెం చూడు తమ్ముడూ" అని ప్యానెల్ ముందుకు పంపడం హత్యతో సమానం.

స్టార్టర్ డబ్బా తెరిచే ముందు

మన సొంత డబ్బా వరకు అయిదు మెట్లు పాటించాలి.

ఒకటి: ఆటో స్టార్టరు ఆపు, స్టార్టరు ఆపు, మెయిన్ ఆపు. ఫ్యూజు గ్రిప్పులు మూడూ పీకి జేబులో వేసుకో. ఎవరూ మళ్లీ పెట్టకుండా మనిషిని నిలబెట్టు.

రెండు: కండెన్సర్ ఉంటే, డ్రైవు ఉంటే రాసి ఉన్నన్ని నిమిషాలు ఆగు.

మూడు: కరెంటు ఉందని తెలిసిన చోట, అంటే షెడ్డులో లైవ్‌గా ఉన్న ప్లగ్గులో, ముందు మీటరు పెట్టి అది పనిచేస్తుందని చూడు.

నాలుగు: అప్పుడు డబ్బాలో చూడు. ఫేజుకు ఫేజుకు మధ్య మూడుసార్లు, ఒక్కో ఫేజుకు ఎర్తుకు మధ్య మూడుసార్లు, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య ఒకసారి. ఎర్తు ఎండిపోయి పనిచేయకపోతే ఫేజు-ఎర్తు సున్నా చూపొచ్చు. అందుకే ఫేజుల మధ్య చూడడం తప్పనిసరి. ఇనుప డబ్బా ఒంటికి కరెంటు తగిలిందేమో కూడా చూడు.

అయిదు: మళ్లీ వెళ్లి ఆ తెలిసిన చోటే మీటరు పెట్టు. మధ్యలో మీటరు చెడిపోతే నాలుగో మెట్టు సున్నా అబద్ధమవుతుంది.

తడి కాళ్లతో, బురదలో నిలబడి ఇవేవీ చేయొద్దు. ఎండిన చెక్క వేసుకుని, చెప్పులేసుకుని, వెలుతురు ఉన్నప్పుడే చేయాలి. ఒంటరిగా అసలే వద్దు. ఎవరికైనా షాకు కొడితే చేత్తో లాగొద్దు. ముందు కరెంటు తీయండి, కుదరకపోతే ఎండిన కర్రతో విడిపించండి. హెచ్‌టీ తీగ అయితే కర్రతో కూడా దగ్గరికి పోవద్దు, సబ్‌స్టేషన్‌లో ఆపించాలి. గుండె ఆగితే ఛాతీ మీద నొక్కుతూ 108కి ఫోన్ చేయాలి.

ట్రాన్స్‌ఫార్మర్ మనది కాదు

ఇదంతా మన డబ్బాకే. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కడానికి ఏ మెట్లూ లేవు. పైన 11 కేవీ ఉంది. ఏబీ స్విచ్ లాగినా మూడు కత్తులూ విడిపోయాయని నమ్మకం లేదు. తుప్పుపట్టి ఒక కత్తి అతుక్కుని ఉండొచ్చు.

"పొట్టకొచ్చిన వరి ఎండిపోతుంటే లైన్‌మన్ కోసం ఎంతసేపు ఎదురుచూడాలి?" అని నన్ను అడిగే రైతులున్నారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. ఒక లైన్‌మన్‌కు ఎన్నో ఊళ్లు అప్పగించి, ఫోనుకు దొరకకుండా చేసి, "మీరే చూసుకోండి" అనే పరిస్థితి తెచ్చింది డిస్కం. మనం ఎక్కి ఫ్యూజు కట్టిన ప్రతిసారీ ఆ ఖాళీ పోస్టు పని మనం జీతం లేకుండా చేస్తున్నాం. పని జరిగిపోతున్నంత కాలం వాళ్లు పోస్టు నింపరు. పంట ఒక కారు పోతే ఇంకో కారు వస్తుంది. మనిషి రాడు.

ఎదురుచూడడానికి గడువు కూడా చట్టంలో ఉంది. విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం గ్రామాల్లో ఫ్యూజు పోతే 12 గంటల్లో, ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోతే 48 గంటల్లో సరిచేయాలి. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. గడువు దాటితే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు. నోటి మాటకు విలువ లేదు, నంబరుకు ఉంది.

"కరెంటు ఉచితమే కదా, ఇంకా ఏం కావాలి?" అనేవాళ్లకు ఒక సంగతి. రైతు కట్టని బిల్లును ప్రభుత్వం సబ్సిడీగా డిస్కంకు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్‌లోనే ఉంది. ఉచితం మనకు, డిస్కంకు కాదు. డబ్బు తీసుకునేవాడికి భద్రత బాధ్యత ఉండదా?

నిర్లక్ష్యం అనే మాట చెల్లదు

అదే చట్టం 161వ సెక్షన్ కింద ప్రమాదం జరిగితే విద్యుత్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలి. ఆయన విచారణ చేయవచ్చు. 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: కరెంటు లాంటి ప్రమాదకర సరుకు నడిపేవాడు, తన తప్పు లేదని చెప్పినా, తెగిపడిన తీగ వల్ల పోయిన ప్రాణానికి బాధ్యుడే. కాబట్టి ఊళ్లో ప్రమాదం జరిగితే ముందు చోటును ఫోటోలు తీయండి. ఏబీ స్విచ్, ఎర్తు, వేలాడే తీగ అన్నీ. పంచనామాలో "సొంత నిర్లక్ష్యం" అని రాస్తే సంతకం పెట్టొద్దు. ఇన్‌స్పెక్టర్ విచారణ కోరుతూ దరఖాస్తు ఇవ్వండి.

"రైతుబీమా 5 లక్షలు వస్తాయి కదా" అని సర్దిచెప్పే పెద్దమనుషులున్నారు. రైతుబీమా ఏ చావుకైనా వచ్చే బీమా. అది డిస్కం ఇచ్చే పరిహారం కాదు. పైగా అది పట్టా ఉన్న, 59 ఏళ్లు దాటని రైతుకే. బోరు కాడికి పోయే కౌలు రైతుకు, పాలేరుకు అది కూడా లేదు. చావు మాత్రం పాసుపుస్తకం అడగదు.

మనం అడగాల్సినవి

ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కు పనిచేసే ఏబీ స్విచ్, సరైన ఎర్తు, చేతికి అందని ఎత్తు ఉండాలి. వానాకాలం నాట్లకు ముందే తనిఖీ చేసి ఊరి పంచాయతీలో జాబితా అంటించాలి.

లైన్‌మన్ పోస్టులు నింపాలి. లైన్‌మన్‌లకు, ఆర్టిజన్లకు గ్లౌజులు, హెచ్‌టీ డిటెక్టర్లు, ఎర్తింగ్ రాడ్లు ఇవ్వాలి. స్తంభం మీద చనిపోతున్నది కూడా మన బిడ్డలే.

సబ్సిడీతో సోలార్ పంపు, డ్రైవు ఇచ్చే ప్రతి చోటా హెచ్చరిక తెలుగులో ఉండాలి. బిగించేవాడే రైతును నిలబెట్టి పరీక్ష పద్ధతి చూపించి పోవాలి.

ఎత్తిపోతల పథకాల్లో శిక్షణ, రాతపూర్వక పర్మిట్ లేకుండా ఎవరినీ ప్యానెల్ తెరవనివ్వకూడదు. మిల్లు యజమానులకూ ఇదే వర్తించాలి.

ప్రతి ప్రాణాంతక ప్రమాదం మీద విద్యుత్ ఇన్‌స్పెక్టర్ నివేదిక కుటుంబానికి ఇవ్వాలి. కౌలు రైతుకు, కూలీకి సమాన పరిహారం ఉండాలి.

మన సంఘం చేయాల్సిన పని కూడా ఉంది. ప్రతి గ్రామ కమిటీ చందాతో ఒక మంచి క్యాట్ 4 మీటరు కొని, శిక్షణ ఉన్న ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంచాలి. ఆయనతో ఊళ్లో నలుగురు యువకులకు పై అయిదు మెట్లు నేర్పించాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కనని రైతుల చేత తీర్మానం చేయించి, ఆ తీర్మానం కాపీని ఏఈకి ఇచ్చి రసీదు తీసుకోవాలి.

డిస్కంకు మనం చెప్పాల్సింది ఒక్కటే. మీ సొత్తు మీద మేం చెయ్యి వేయం. మీ పని మా చేత చేయించొద్దు. మా పొలంలో మీరు నడిపే కరెంటుకు మీరే బాధ్యులు.

వచ్చే నెల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డివిజన్ ఆఫీసుల్లో వినతిపత్రాలు ఇద్దాం. మీ ఊళ్లో ఎర్తు లేని ట్రాన్స్‌ఫార్మర్లు, పనిచేయని ఏబీ స్విచ్‌లు, చేతికందే తీగలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసి, స్తంభం నంబరుతో సహా పట్టుకుని రండి.